పవర్ ఆఫ్ టెన్ నియమాలు

పవర్ ఆఫ్ టెన్ నియమాలు భద్రత కీలకమైన వ్యవస్థల్లో నడిచే సీ భాషా ప్రోగ్రాముల కోసం రూపొందిన పది కోడింగ్ నిబంధనలు. నాసా జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీకి చెందిన జెరార్డ్ హోల్జ్‌మన్ 2006లో వీటిని ప్రకటించారు. గోటూ, రికర్షన్ నిషిద్ధం. ప్రోగ్రాము ప్రారంభ దశ ముగిశాక డైనమిక్‌గా మెమరీ కేటాయించరాదు. ఒక ఫంక్షన్ సుమారు 60 వరుసలకు మించకూడదు. ఒక్కో ఫంక్షన్‌లో సగటున రెండు అసర్షన్లైనా ఉండాలి. కంపైలర్ హెచ్చరిక ఒక్కటీ మిగలరాదు.

వీటిలో చాలావాటిని యంత్రమే తనిఖీ చేయగలగడం అసలు బలం. కోడ్ రాసింది మనిషా, కృత్రిమ మేధా అన్నదానితో స్టాటిక్ అనలైజర్‌కు నిమిత్తం లేదు. అందుకే భాషా నమూనాలు రాసిన కోడ్‌కూ ఇవి వర్తిస్తాయి. ఉదాహరణకు, సెన్సార్ జవాబిచ్చేదాకా తిరుగుతూనే ఉండే వైల్ లూపు పరీక్షల్లో సవ్యంగానే నడుస్తుంది. సెన్సార్ చెడితే ప్రోగ్రాము అక్కడే చిక్కుకుపోతుంది. రెండో నియమం ప్రకారం ఆ లూపుకు 1,000 సార్లు వంటి స్థిరమైన హద్దు ఉండాలి, హద్దు దాటితే లోపంగా పట్టుబడాలి.

నియమాలు పాటించినంత మాత్రాన కోడ్ సరైనది కాదు. మీటర్లకు బదులు అడుగుల్లో లెక్కించే ఫంక్షన్ పదింటినీ దాటుకు రాగలదు. కోడ్ అవసరాలకు తగ్గట్టు ఉందా అన్నది విడిగా చూడాలి: విమాన సాఫ్ట్‌వేర్ ప్రమాణమైన డీవో-178సీ (2011) కీలక స్థాయుల్లో సోర్స్ కోడ్‌కూ అవసరాలకూ మధ్య లంకె చూపాలని కోరుతుంది.