పెద్దపాడు బిడ్డ దామోదరం సంజీవయ్య

కర్నూలు పట్టణాన్ని ఆనుకుని ఉన్న పెద్దపాడులో 1921 ఫిబ్రవరి 14న ఒక పేద దళిత కుటుంబంలో దామోదరం సంజీవయ్య జన్మించారు. తల్లి సుంకులమ్మ, తండ్రి మునిదాసు. పొత్తిళ్లలో ఉండగానే తండ్రి పోవడంతో కుటుంబానికి కూలిపనే ఆధారమైంది. కర్నూలు మునిసిపల్ హైస్కూల్లో, తర్వాత అనంతపురం కాలేజీలో చదివారు. చిన్నాచితకా ఉద్యోగాలు చేస్తూ మద్రాసులో న్యాయశాస్త్రం పూర్తిచేశారు.

వకీలుగా నిలదొక్కుకోకముందే రాజకీయాలు పిలిచాయి. 1950లో తాత్కాలిక పార్లమెంటు సభ్యుడయ్యారు. 1952లో మద్రాసు శాసనసభకు ఎన్నికై రాజాజీ మంత్రివర్గంలో చేరారు. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయింది. భవనాలు చాలక సర్కారు కచేరీలు గుడారాల్లో నడిచిన రోజులవి. పుస్తకాలు పట్టుకుని తిరిగిన ఊళ్లోనే సంజీవయ్య ప్రకాశం పంతులు మంత్రివర్గంలో మంత్రిగా కూర్చున్నారు. తర్వాత బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి మంత్రివర్గాల్లోనూ పనిచేశారు.

సంజీవరెడ్డి కాంగ్రెస్ అధ్యక్షుడిగా వెళ్లడంతో 1960 జనవరి 11న సంజీవయ్య ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. అప్పటికి ఆయనకు 39 ఏళ్లు నిండలేదు. దేశంలో ఒక దళితుడు ముఖ్యమంత్రి కావడం అదే మొదటిసారి. 1962 మార్చి 12 వరకు, రెండేళ్లకు కాస్త మించి సాగిన ఆ పాలన గట్టి పనులకు నాంది పలికింది. దిక్కులేని వృద్ధులకు పింఛన్లు మొదలయ్యాయి. భూమిలేని పేదలకు బంజరు భూములు పంచారు. హైదరాబాద్, సికింద్రాబాద్ నగరపాలక సంస్థలు 1960లో ఒకటయ్యాయి. లంచగొండితనాన్ని అరికట్టేందుకు 1961లో అవినీతి నిరోధక శాఖను ప్రత్యేకంగా నెలకొల్పారు.

1962లో ఆయన అఖిల భారత కాంగ్రెస్ అధ్యక్షుడయ్యారు. ఆ పదవి చేపట్టిన తొలి దళితుడూ ఆయనే. 1964 జూన్‌లో లాల్ బహదూర్ శాస్త్రి ప్రభుత్వంలో కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. 1965లో వచ్చిన బోనస్ చెల్లింపు చట్టం ఆ హయాంలోనిదే. కర్మాగారాల్లోనూ, 20 మందికి తగ్గకుండా పనిచేసే ఇతర సంస్థల్లోనూ ఏడాది జీతంలో కనీసం 4 శాతం గాని, 40 రూపాయలు గాని, ఏది ఎక్కువైతే అది బోనస్‌గా ఇవ్వాలని ఆ చట్టం విధించింది. దాంతో కనీస బోనస్ కార్మికుడికి చట్టబద్ధమైన హక్కయింది. కూలి బతుకు ఎరిగిన ఇంటి నుంచి వచ్చిన మంత్రి చేతుల మీదుగా ఆ చట్టం రావడం కర్నూలు జిల్లాకు గర్వకారణం.

ఇందిరాగాంధీ ప్రభుత్వంలో పరిశ్రమల శాఖను, తర్వాత మళ్లీ కార్మిక శాఖను చూశారు. 1971లో రెండోసారి కాంగ్రెస్ అధ్యక్షుడై, ఆ పదవిలో ఉండగానే 1972 మే 7న ఢిల్లీలో కన్నుమూశారు. అన్ని పదవులు చేసినా ఆస్తులు కూడబెట్టుకోలేదు.

హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున సంజీవయ్య పార్కు, విశాఖపట్నంలో జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం, కృష్ణపట్నం దగ్గర థర్మల్ విద్యుత్ కేంద్రం ఆయన పేరు మోస్తున్నాయి. సొంత జిల్లాలో హంద్రీ నదిపై ఉన్న గాజులదిన్నె ప్రాజెక్టుకు సంజీవయ్య సాగర్ అని పేరు పెట్టారు. కరువు సీమలో పొలాలు తడిపే జలాశయానికి ఆయన పేరు తగినదే.