కొంజుంతీవో కథ: లాటిన్ నుంచి నేటి ఇటాలియన్ దాకా

చదువుకున్న ఇటాలియన్లు చాలాకాలంగా ఒక మాట బాధగా అంటున్నారు: కొంజుంతీవో అనే తమ క్రియారూపం చచ్చిపోతోందని. 2018లో సాన్‌రెమో పాటల పోటీలో లోరెంజో బాల్యోని ఏకంగా దాని పేరు మీదే ఒక పాట పాడాడు. ఒక క్రియారూపం మీద ఒక జాతికి ఇంత మమకారం ఉండటం నాకు గొప్పగా తోస్తుంది. చావు కబురును మాత్రం నమ్మను. దాని చరిత్ర చదివినవారెవరికీ నమ్మబుద్ధి కాదు.

"వస్తాడని తెలుసు", "వస్తాడనుకుంటున్నాను" అనే రెండింటిలోనూ మన "వస్తాడు" మారదు. ఇటాలియన్‌లో మారుతుంది. తెలిసిన సంగతైతే "సో కే వియేనే", ఊహ అయితే "క్రేదో కే వెంగా". ఈ "వెంగా" కొంజుంతీవో. కోరిక, భయం, సందేహం, అభిప్రాయం తెలిపే మాటల వెనక వచ్చే ఉపవాక్యంలో ఇది కనిపిస్తుంది.

దీని పుట్టిల్లు లాటిన్. అయితే పుట్టింటి పద్ధతులన్నీ ఇది వెంట తెచ్చుకోలేదు. "అనుకుంటున్నాను" అన్న మాట తర్వాత ప్రామాణిక లాటిన్‌లో ఈ రూపం వచ్చేదే కాదు. అక్కడ కర్మవిభక్తిలో నామం, పక్కన క్రియ మూలరూపం ఉండేవి. ఈనాడు విద్యార్థికి మొట్టమొదట చెప్పే "క్రేదో కే" సూత్రం లాటిన్ తర్వాతి కాలపు పంట. మరోవైపు, "ఎంతగా అంటే..." అనే ఫలితవాక్యాల్లో లాటిన్ దీన్ని తప్పనిసరి చేస్తే, ఇటాలియన్ మామూలు క్రియతోనే సరిపెట్టుకుంది.

రూపాలూ చెల్లాచెదురయ్యాయి. లాటిన్‌లో "అమారెమ్" అనే భూతకాల రూపం సార్డీనియా ద్వీపంలో తప్ప దాదాపు అంతటా అంతరించింది. దాని స్థానంలోకి మరింత వెనకటి కాలాన్ని చెప్పే "అమావిస్సెమ్" జరిగి, కుంచించుకుని, "అమాస్సి" అయింది. "నా దగ్గర ఉంటే ఇచ్చేవాణ్ని" అనడానికి లాటిన్ రెండు చోట్లా కొంజుంతీవోనే వాడేది. నేటి ఇటాలియన్‌కు పునాది వేసిన టస్కనీ ప్రాంతంవాళ్లు క్రియ మూలరూపానికి "కలిగి ఉండు" అనే క్రియ భూతకాలాన్ని అతికించి కొత్త రూపం తయారు చేసుకున్నారు. అందుకే నేడు "సే అవెస్సి, దరేయి": మొదటి సగం పాతది, రెండో సగం కొత్తది.

దాంతే "ఇన్‌ఫెర్నో" 13వ సర్గలో "నమ్ము" అనే క్రియ మూడుసార్లు దొర్లే ప్రసిద్ధమైన పాదం ఒకటుంది. అందులో "నేను నమ్ముతున్నాను" తర్వాత వచ్చింది మామూలు క్రియ. ఆ వెంటనే వచ్చింది కొంజుంతీవో. నేటి బడి పంతులు ఎర్ర సిరాతో దిద్దే ప్రయోగం ఇటాలియన్ సాహిత్యపు శిఖరం మీదే ఉందన్నమాట.

కట్టుబాట్లు తర్వాత వచ్చాయి. లెయోన్ బత్తిస్తా అల్బెర్తి 1440 ప్రాంతంలో టస్కన్ భాషకు మొదటి వ్యాకరణం రాశాడు. 1516లో ఫోర్తూనియో వ్యాకరణం అచ్చయింది. వీటన్నిటికన్నా బలంగా పనిచేసింది 1525 నాటి పియెత్రో బెంబో గ్రంథం. తన కాలపు ఫ్లోరెన్స్ వాడుకను పక్కనపెట్టి, 14వ శతాబ్దపు పెట్రార్క్, బొకాచియోల భాషే ఒరవడి అన్నాడు బెంబో. దాని ఫలితం విచిత్రం. మాకియవెల్లి కాలంలో ఫ్లోరెన్స్‌లో కొంజుంతీవోకు (నేటి "వాదా", "వెంగా"లకు బదులు) "వాది", "వెంగి" వంటి రూపాలు మామూలే. బెంబో ఒరవడిలో వాటికి చోటు దక్కలేదు. 1975 నాటి "ఫాంతొజ్జి" సినిమాలోనూ, ఆ తర్వాతి వరుస సినిమాల్లోనూ గుమాస్తాల చేత అలాంటి రూపాలే పలికించి దేశాన్ని నవ్వించారు. ఒకప్పుడు పెద్ద రచయితల కలాల్లో ఉన్నది చదువురానితనానికి గుర్తుగా మిగిలింది.

1861లో దేశం ఏకమైనప్పుడు ఇటాలియన్ వచ్చినవారు జనాభాలో రెండున్నర శాతమే అని భాషావేత్త తుల్లియో దె మావురో అంచనా. పది శాతం దాకా ఉంటారని తర్వాత మరో భాషావేత్త కాస్తెల్లాని అన్నాడు. ఏ లెక్క చూసినా, అత్యధికులు కొంజుంతీవోను బడిలో నేర్చుకున్నవారే. దక్షిణాది మాండలికాలు చాలావాటిలో దాని వర్తమాన రూపమే లేదు. అందుకే అక్కడివారు "దయచేయండి" అనే మర్యాదకు "వెంగా" బదులు "వెనిస్సె" అంటుంటారు. తల్లి నుంచి రాని రూపం నాలుక మీద తడబడితే దాన్ని పతనం అనడం అన్యాయం.

1985లో భాషావేత్త ఫ్రాంచెస్కో సబాతీని నేటి సగటు వాడుక ఇటాలియన్ లక్షణాలను జాబితాగా రాశాడు. "తెలిసుంటే వచ్చేవాణ్ని" అనడానికి రెండు మామూలు భూతకాలాలతో "సే లో సపేవో, వెనీవో" అనేయడం అందులో ఒకటి. మాటల్లో ఇది చెల్లుతుంది, రాతలో చెల్లదు. "క్రేదో కే" తర్వాత మామూలు క్రియ వాడటమూ ఇంతే. కానీ "వోల్యో కే" (నా కోరిక), "బెంకే" (అయినప్పటికీ), "ప్రీమా కే" (అంతకు ముందే) అన్న మాటల తర్వాత కొంజుంతీవో గట్టిగా నిలిచి ఉంది.

దాని అసలు బలం మరోచోట ఉంది. "చేర్కో ఉన్ మేదికో కే పార్లా ఇంగ్లేజే" అంటే ఇంగ్లీషు మాట్లాడే ఫలానా డాక్టరు కోసం వెతుకుతున్నానని. "పార్లా"ను "పార్లి" చేస్తే, ఇంగ్లీషు వచ్చిన డాక్టరు ఎవరైనా ఉన్నారా అని వెతకడం; అలాంటివాడు ఉన్నాడో లేడో తెలియదు. ఒక్క అచ్చు మారితే మనిషి ఉనికే సందేహంలో పడుతుంది. ఇంత పని చేసే రూపాన్ని ఏ భాషా అంత తేలిగ్గా వదులుకోదు.

ఇటాలియన్ నేర్చుకునే తెలుగువారికి నా మాట ఇది: "క్రేదో కే" దగ్గర భయపడుతూ కూర్చోకండి. ముందు "వోల్యో కే", "బెంకే", "ప్రీమా కే" వాక్యాలను నోటికి పట్టించండి. "బెంకే" తప్ప మిగతా రెండింటిలో, రెండు క్రియలకూ కర్త ఒకరే అయితే కొంజుంతీవో అక్కర్లేదని, మూలరూపం చాలని గుర్తుంచుకోండి. తర్వాత ఆ డాక్టరు వాక్యంలాంటివి సొంతంగా పది రాసి చూడండి.