విత్తనమూ, నేలా: మెలనోమా వ్యాప్తి రహస్యము

పుట్టుమచ్చలను చూచి జాతకఫలము చెప్పేవారు మన దేశములో చాలకాలముగా ఉన్నారు. వైద్యులు కూడ పుట్టుమచ్చలను శ్రద్ధగా చూస్తారు. కాని వారు వెదకేది వేరు. చర్మమునకు రంగునిచ్చే మెలనిన్ అనే పదార్థమును తయారుచేసే కణములు మన చర్మములో ఉన్నవి. పుట్టుమచ్చ అంటే సాధారణముగా ఈ కణముల గుంపే. ఈ కణములు అదుపుతప్పి పెరిగితే వచ్చే కాన్సరు పేరు మెలనోమా. చర్మపు కాన్సర్లలో ఇది తక్కువగా కనిపించేదే అయినా, ప్రాణాపాయము దీనితోనే ఎక్కువ. చర్మము పైపొరలలో ఉన్నంతకాలము దీనిని కోసి తీసివేయవచ్చును. ఊపిరితిత్తులకో, కాలేయమునకో, మెదడుకో ప్రాకినదంటే చికిత్స చాల కష్టము. కాబట్టి ఇది ఎట్లా ప్రాకుతుంది అన్నది ప్రాణములతో ముడిపడిన ప్రశ్న. దీనికి సమాధానము వెదకడములో రెండువందల సంవత్సరములు గడచినవి.

ఇంగ్లండులో స్టౌర్‌బ్రిడ్జ్ అనే ఊరిలో విలియం నారిస్ అనే వైద్యుడు ఉండేవాడు. మెలనోమాతో మరణించిన ఒక రోగి వృత్తాంతమును అతడు 1820లో ప్రకటించినాడు. అందులో ఒక విశేషమున్నది. ఆ రోగి తండ్రి కూడ అటువంటి వ్యాధితోనే చనిపోయినాడు! ఇది వంశములో దిగివచ్చే వ్యాధి కావచ్చునని నారిస్ ఊహించినాడు. 1857లో ఎనిమిదిమంది రోగుల వివరములతో ఒక గ్రంథము వ్రాసినాడు. మెండెల్ బఠాణీమొక్కల ప్రయోగములు అచ్చయినది 1866లో. "జన్యువు" అన్న మాట ఇంకా పుట్టనేలేదు. నారిస్ ఊహకు తగిన ఋజువు 1994లో గాని దొరకలేదు. మెలనోమా తరతరాలుగా కనిపించే కొన్ని కుటుంబములలో, తొమ్మిదవ క్రోమోసోము మీద ఉన్న పి16 అనే జన్యువు చెడిపోయి ఉన్నట్లు ఆ ఏట తేలినది. కణవిభజనకు కళ్ళెమువంటిది ఈ జన్యువు.

అయితే కణితి పుట్టడము ఒకటి, ప్రాకడము మరొకటి. ఈ రెండవ ప్రశ్నకు దారి చూపినవాడు లండను శస్త్రవైద్యుడు స్టీఫెన్ పేజెట్. రొమ్ము కాన్సరుతో మరణించిన 735 మంది శవపరీక్షల వివరములను అతడు 1889లో పరిశీలించినాడు. రక్తము కాలేయమునకూ పోతుంది, ప్లీహమునకూ పోతుంది. కాని కొత్త కణితులు కాలేయములోనే ఎక్కువ, ప్లీహములో చాల అరుదు. ఇది కేవలము రక్తప్రవాహపు పని అయితే ఇంత తేడా ఎందుకు? కాన్సరు కణము విత్తనమువంటిది, అవయవము నేలవంటిది అని పేజెట్ చెప్పినాడు. విత్తనము ఎక్కడ పడినా, తనకు సరిపడిన నేలలోనే మొలకెత్తుతుంది గదా!

మరి విత్తనములన్నీ ఒకటేనా? ఈ ప్రశ్నను మెలనోమాపైననే పరీక్షించినవాడు అమెరికాలోని ఐజయా ఫిడ్లర్. 1970లో అతడు రేడియోధార్మిక పదార్థముతో గుర్తుపెట్టిన మెలనోమా కణములను ఎలుకల తోకలోని సిరలోనికి ఎక్కించినాడు. ఒక్కరోజు గడిచేసరికి వేయింటిలో ఒకటి కూడ బ్రతికి లేదు. ఆ మిగిలిన కొద్ది కణములే ఊపిరితిత్తులలో కణితులను పెంచినవి. అవి అదృష్టముచేత బ్రతికినవా, లేక వాటిలో ప్రత్యేకత ఏదైనా ఉన్నదా?

1977లో ఫిడ్లర్, మార్గరెట్ క్రిప్కే కలసి దీనిని తేల్చినారు. ఒకే కణితి నుండి ఒక్కొక్క కణమును విడదీసి, ఒక్కొక్కదాని సంతానమును వేరువేరుగా పెంచినారు. ఒక్కొక్క సంతతిని కొన్ని ఎలుకలకు ఎక్కించినారు. అంతా అదృష్టమే అయితే అన్ని సంతతులూ దాదాపు ఒకే ఫలితమును ఇవ్వవలెను. అట్లా జరుగలేదు. కొన్ని సంతతులు లెక్కకు మించిన కణితులను కలిగించినవి; కొన్ని దాదాపు ఏమీ చేయలేదు. అనగా ప్రాకగల కణములు కణితిలో ముందే ఉన్నవి.

ఆ కణములకు ప్రాకే శక్తినిచ్చే జన్యువు ఏది? 2002లో ఇంగ్లండులోని సాంగర్ సంస్థవారు బి-రాఫ్ అనే జన్యువులో ఒక మార్పును కనుగొన్నారు. డి.ఎన్.ఏ.లో ఒక్క అక్షరము మారడముతో, కణమును పెరగమనే సంకేతము ఆగకుండ మ్రోగుతూనే ఉంటుంది. దాదాపు సగము మెలనోమాలలో ఈ జన్యువు చెడి ఉన్నది. ఇదే దోషి అనుకొన్నారు. కాని 2003లో ఆశ్చర్యకరమైన సంగతి బయటపడినది: ఏ హానీ చేయని మామూలు పుట్టుమచ్చలలో కూడ చాలవాటికి ఇదే మార్పు ఉన్నది! ఈ మార్పు నాటడానికి చాలును గాని, ప్రాకడానికి చాలదన్నమాట.

అంతకు ముందే, 2000లో, అమెరికాలో రిచర్డ్ హైన్స్ బృందము మరొక దారి త్రొక్కినది. బాగా ప్రాకే మెలనోమా కణములలో ఏ జన్యువులు ఎక్కువగా పనిచేస్తున్నవో చూచినారు. వాటిలో ర్హో-సి ఒకటి. కణము కదలడానికి తోడ్పడే మామూలు జన్యువే ఇది. చెడిపోలేదు, మితిమీరి పనిచేస్తున్నది. దాని పనిని ఎక్కువ చేస్తే వ్యాప్తి పెరిగినది; అడ్డుకొంటే తగ్గినది. ప్రాకడానికని ప్రత్యేకించి ఒక దుష్టజన్యువు ఉండనక్కరలేదు. మంచి పనిముట్టునే కణము చెడ్డ పనికి వాడుకొనవచ్చును.

ఇక నేల సంగతి. రక్తములో క్రొవ్వులను మోసే ఒక ప్రోటీనుకు సంబంధించిన ఏపో-ఇ జన్యువు మనుష్యులలో పలు రకములుగా ఉన్నది. అందులో నాలుగవ రకము గల ఎలుకలలో మెలనోమా తక్కువగా పెరిగి, తక్కువగా ప్రాకినట్లు న్యూయార్కులోని రాక్‌ఫెలర్ విశ్వవిద్యాలయము వారు 2020లో తెలిపినారు. ఇది కణితిలో కలిగిన మార్పు కాదు, తల్లిదండ్రుల నుండి వచ్చినది. పేజెట్ చెప్పిన నేలకు కూడ జన్యువులున్నవన్నమాట!

బి-రాఫ్‌ను అదుపుచేసే మొదటి మందు 2011లో అమెరికాలో ఆమోదము పొందినది. కణితులు వేగముగా కరగినవి. కాని చాలమందిలో కొన్ని నెలలకే మరల పెరిగినవి. కారణము ఫిడ్లర్ 1977లో చూపినదే: కణితిలోని కణములన్నీ ఒక్క తీరువి కావు. అందుకే అప్పటినుండి వైద్యులు మందులను కలిపి ఇవ్వడము, శరీరరక్షణశక్తిని మేల్కొలిపే మందులు వాడడము నేర్చుకొన్నారు.

మెలనోమా తెల్లవారికంటె మనకు చాల అరుదు. కాని వచ్చినప్పుడు తరచు అరికాలిలోనో, అరచేతిలోనో, గోరు క్రిందనో వస్తుంది. ఎవరూ చూడని చోటు గనుక ఆలస్యముగా బయటపడుతుంది. పెరుగుతూ, రంగో రూపో మారుతూ ఉన్న మచ్చను వైద్యునికి చూపవలెనని ఉపాధ్యాయులు తరగతిలో ఒక్కమాట చెప్పితే చాలును. విత్తనము ఎగిరిపోకముందే మొక్కను పెరికివేయడము నేటికీ మేలైన చికిత్స.