ఫెయిర్‌బ్యాంక్స్ ఇల్లు

ఉత్తర అమెరికాలో నేటికీ నిలిచి ఉన్న కర్ర చట్రపు ఇళ్లలో అతి పాతదిగా పేరున్న ఫెయిర్‌బ్యాంక్స్ ఇల్లు మసాచుసెట్స్ రాష్ట్రంలో, బోస్టన్‌కు నైరుతిన ఉన్న డెడమ్ పట్టణంలో ఉంది. ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్ నుంచి భార్యాబిడ్డలతో వలస వచ్చిన జోనథన్ ఫెయిర్‌బ్యాంక్స్ దీన్ని కట్టించాడు. ఇంటివాళ్లు తరతరాలుగా చెప్పుకున్న సంవత్సరం 1636. దూలాల కర్రలోని చెట్టు వయసు వలయాలను పరిశీలించిన శాస్త్రజ్ఞులు నిర్మాణ కాలాన్ని 1637-1641 మధ్యకు తెచ్చారు. వంశపు గొప్పల్లో ఇంత తక్కువ అతిశయం అరుదు.

ఎనిమిది తరాలు ఒకే కుటుంబం కాపురమున్న ఇల్లు కాబట్టి పూర్వీకుల మీది భక్తే దీన్ని కాపాడిందని అనుకోవడం సహజం. ఇంటి ఆకారం మాత్రం వేరే మాట చెబుతుంది. మధ్యలో పెద్ద పొగగొట్టం, దానికి రెండు పక్కలా గదులున్న పాత భాగాన్ని అలాగే ఉంచి, అవసరం పడినప్పుడల్లా వెనక వసారా, పక్కన వేరే తీరు కప్పులతో గదులు చేర్చుకుంటూ పోయారు. ఇది పాతదాన్ని పూజించినవాళ్ల పద్ధతి కాదు. కూల్చి కొత్తది కట్టేంత డబ్బు గానీ, అక్కర గానీ లేనివాళ్ల పద్ధతి. పేదరికమే కాపాడేదైతే ఆనాటి పేదల ఇళ్లన్నీ మిగలాలి కదా అనవచ్చు. మిగలలేదు. ఓక్ దూలాల గట్టితనం, చేతులు మారని యాజమాన్యం ఇక్కడ లేమికి తోడయ్యాయి. అయితే ఓక్ చట్రాలున్న ఇళ్లను కూడా కలిగినవాళ్లు కూల్చి కట్టుకున్నారు గనుక, గట్టితనం ఒక్కటే చాలదు.

పూర్వీకుల భక్తి వాదానికి గట్టి దెబ్బ 19వ శతాబ్దం చివర తగిలింది. ఇంట్లో ఒంటరిగా మిగిలిన రెబెకా ఫెయిర్‌బ్యాంక్స్ డబ్బు ఇబ్బందితో ఇల్లు అమ్ముకోవలసి వచ్చింది. అప్పుడు ఆదుకున్నది వంశం కాదు, బోస్టన్‌కు చెందిన కాడ్మన్ కుటుంబ స్త్రీలు. వంశస్థులు సంఘంగా ఏర్పడి ఇంటిని తిరిగి తీసుకున్నది 1904లో, అమ్మిన తర్వాతా అందులోనే ఉన్న రెబెకా ఇల్లు విడిచిన ఏడాది. వారసత్వమన్న స్పృహతో జరిగిన సంరక్షణ అక్కడి నుంచే మొదలైంది. 1960లో జాతీయ చారిత్రక స్థలంగా ప్రకటించిన ఈ ఇంటిని ఆ సంఘమే ప్రదర్శనశాలగా నడుపుతోంది.