చర్లపల్లి ఖైదీల వ్యవసాయ క్షేత్రం

చర్లపల్లి ఖైదీల వ్యవసాయ క్షేత్రం హైదరాబాద్ తూర్పు అంచున ఉన్న బహిరంగ కారాగారం. జనం దీన్ని ఓపెన్ జైలు అంటారు. తెలంగాణలో ఇలాంటిది ఇదొక్కటే. శిక్షలో కొంతభాగం సెంట్రల్ జైల్లో గడిపి, నడవడితో అధికారుల నమ్మకం సంపాదించుకున్న ఖైదీలు మిగతా కాలాన్ని ఇక్కడ పొలం పని చేస్తూ పూర్తిచేస్తారు. నల్లగొండలోనూ మహబూబ్‌నగర్‌లోనూ జిల్లా జైళ్లున్నా, అవి ముఖ్యంగా విచారణలో ఉన్న రిమాండ్ ఖైదీలకు, కొద్దిపాటి శిక్షలు పడ్డవారికి. యావజ్జీవం పడితే సెంట్రల్ జైలుకు పోవాల్సిందే. అందుకే దేవరకొండ మనిషికైనా, అచ్చంపేట మనిషికైనా ఆరుబయటి శిక్ష అంటే చర్లపల్లే.

మన దేశంలో ఈ ఆలోచన పాతదే. మహారాష్ట్రలోని ఔంధ్ సంస్థానం 1939లో ఆట్పాడి దగ్గర స్వతంత్రపూర్ అనే ఖైదీల ఊరు కట్టింది. శాంతారాం 1957లో తీసిన ‘దో ఆంఖే బారహ్ హాథ్’ సినిమాకు అదే ప్రేరణ. ఉత్తరప్రదేశ్‌లో అప్పటి మంత్రి సంపూర్ణానంద్ చొరవతో 1952 నుంచి ఆనకట్టల పనుల దగ్గర ఖైదీల శిబిరాలు నడిచాయి. హైదరాబాద్ రాష్ట్రం ఎంతో ఆలస్యం చేయలేదు. 1954లోనే మౌలాలిలో ఖైదీల వ్యవసాయ క్షేత్రం తెరిచింది. నేటి చర్లపల్లి క్షేత్రం దానికి కొనసాగింపు. ఆంధ్రప్రదేశ్‌లో అనంతపురం దగ్గరి రెడ్డిపల్లిలో 1965లో మొదలైన క్షేత్రం ఇంతకంటే చాలా పెద్దది, సుమారు 1,400 ఎకరాలు. రాష్ట్రం విడిపోయాక అది ఆంధ్రప్రదేశ్‌కే మిగిలింది.

ఇక్కడికి రావడం హక్కు కాదు, ఎంపిక. జైల్లో క్రమశిక్షణ తప్పనివారిని, ఆరోగ్యంగా ఉండి కష్టం చేయగలవారిని చూసి పంపుతారు. పదేపదే నేరాలు చేసినవారికి, గతంలో పారిపోయినవారికి, ఇంకా కేసులు నడుస్తున్నవారికి చోటు దొరకదు. వచ్చేవారిలో ఎక్కువమంది హత్య కేసులో జీవిత ఖైదు పడ్డవారే కావడం చాలామందికి ఆశ్చర్యం కలిగిస్తుంది. గట్టు తగాదాలోనో, ఇంటి గొడవలోనో, తాగిన మైకంలోనో ఒక్కసారి ఘోరం చేసి, అంతకుముందూ ఆ తర్వాతా మరే నేరం ఎరగని మనుషులు వాళ్లలో ఉంటారు. బహిరంగ జైలు పనికొచ్చేది ముఖ్యంగా ఇలాంటివారికే.

పొద్దు పొడవకముందే దినచర్య మొదలవుతుంది. మొదటి పని లెక్క. అందరూ వరసగా నిలబడితే సిబ్బంది తలలు లెక్కబెట్టుకుంటారు. టీ, టిఫిన్ అయ్యాక ఎవరి పనికి వారు పోతారు. కూరగాయల మళ్లకు నీళ్లు పెట్టేవారు కొందరు, కలుపు తీసేవారు కొందరు. పశువుల కొట్టం చూసేవారికి మాత్రం అందరికంటే ముందే తెల్లవారుతుంది, పాలు పితికే వేళ ఎవరికోసమూ ఆగదు కదా. పని పంచేటప్పుడు ఎవరికి ఏది చేతనవునో చూస్తారు. బోర్లు ఎండి, ఆముదాలు, జొన్నలు, పత్తి, బత్తాయి తోటల మధ్య వానకోసం ఎదురుచూసిన పాలమూరు, నల్లగొండ రైతుకు ఈ పని ఒకరు నేర్పాల్సింది కాదు. ఏళ్ల తరబడి బ్యారక్‌లో కూర్చుని మరిచిపోబోయిన పనితనం మళ్లీ చేతికొస్తుంది. పండిన కూరగాయలూ పాలూ జైళ్ల వంటశాలలకు పోతాయి. తోటి ఖైదీ కంచంలోకి చేరే కూర తాను పండించిందే.

మధ్యాహ్నం అన్నం, పప్పు, కూర. ఎండాకాలంలో ఎండ ముదరకముందే బరువు పనులు ముగించడం ఇక్కడా ఊళ్లో మాదిరే. సాయంత్రం మళ్లీ లెక్క. ఆ తర్వాత టీవీ, పేపరు, ముచ్చట్లు. రాత్రి గదులకు తాళాలు పడవు. కానీ సెల్‌ఫోన్ ఉండదు, మద్యం ఉండదు, చెప్పకుండా హద్దు దాటడానికి లేదు. కాపలాదారులు కొద్దిమందే. నిజానికి మనిషిని అక్కడ నిలబెట్టేది పోగొట్టుకోవడానికి ఎంతో ఉందన్న ఎరుక. పారిపోతే భారతీయ న్యాయ సంహిత 262వ సెక్షన్ కింద కొత్త కేసు పడుతుంది, కూడబెట్టుకున్న రెమిషన్ పోతుంది, మళ్లీ నాలుగు గోడల మధ్యకే పోవాలి. ఇక్కడ రెమిషన్, అంటే శిక్షలో తగ్గే రోజులు, మామూలు జైలుకంటే ఎక్కువ.

చేసిన పనికి కూలి లెక్క రాస్తారు. ఖైదీల శ్రమకు న్యాయమైన కూలి ఇవ్వాలని, అందులో కొంత బాధితుల కోసం తీయవచ్చని సుప్రీంకోర్టు 1998లో గుజరాత్ కేసులో చెప్పింది. చాలామంది ఆ డబ్బును ఇంటికే పంపుతారు. పిల్లల ఫీజులకు అది పెద్ద మొత్తం కాకపోయినా, ఇంటి పెద్ద ఇంకా ఇంటి బరువు మోస్తున్నాడన్న మాట నిలబడుతుంది.

ఇంటివాళ్లు వచ్చి కలిసే ములాఖత్ అసలైన పండుగ. నల్లగొండ రైలు మార్గం బీబీనగర్ దగ్గర కాజీపేట లైనులో కలిసి చర్లపల్లి మీదుగానే సికింద్రాబాద్ పోతుంది కాబట్టి ఆ వైపువారికి రాకపోకలు కొంత తేలిక. మహబూబ్‌నగర్ వైపువారు కాచిగూడ లైనులో నగరం చేరి, అక్కణ్ణుంచి మరో బండి ఎక్కాలి. ఒకరోజు కూలి వదులుకుని, పిల్లలను వెంటబెట్టుకుని వచ్చే ఇల్లాలికి ఈ దూరం చిన్నది కాదు. దక్షిణ తెలంగాణలో ఇలాంటి క్షేత్రం ఒకటైనా లేకపోవడం ఇక్కడే బాధిస్తుంది. జైపూర్ దగ్గరి సాంగనేర్ శిబిరంలో 1963 నుంచి ఖైదీలు భార్యాపిల్లలతో కాపురముంటూ, బయట పనికి పోయి సాయంత్రానికి తిరిగొస్తున్నారు. చర్లపల్లి అంతదూరం పోలేదు.

ఆడవారి సంగతి ఇంకా వెనకబడే ఉంది. చాలా రాష్ట్రాల్లో బహిరంగ జైళ్లలోకి మహిళలను తీసుకోరు. జైళ్ల రద్దీపై సుహాస్ చక్మా వేసిన కేసులో సుప్రీంకోర్టు 2024లో ఈ విషయాన్నీ పరిశీలనకు తీసుకుంది. మగవాడికి చెల్లిన నమ్మకం ఆడమనిషికి ఎందుకు చెల్లదో చెప్పగల నియమం ఏదీ లేదు.

పొలం పనికి తోడు ఇప్పుడు పెట్రోలు బంకులొచ్చాయి. జైళ్ల శాఖ చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ల దగ్గర నడిపే బంకుల్లో ఖైదీలే పెట్రోలు పోసి, డబ్బు లెక్కచూసి తీసుకుంటారు. ‘మై నేషన్’ పేరుతో అమ్మే సబ్బులు, ఫర్నిచర్ కూడా జైళ్లలో తయారయ్యేవే.

విడుదల రెండు దారుల్లో వస్తుంది: శిక్ష రెమిషన్‌తో కలిసి పూర్తవడం, లేదా ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించడం. తెలంగాణ ప్రభుత్వం 2024 జూలైలో 213 మంది ఖైదీలను ముందస్తుగా విడుదల చేసింది, వారిలో అత్యధికులు జీవిత ఖైదీలు. అప్పుడు కొందరికి జైళ్ల శాఖ బంకుల్లోనే ఉద్యోగాలు చూపించారు. ఊళ్లో పగలు చల్లారని చోటికి తిరిగిపోలేనివారికి, నగరంలో కూలి సంపాదించుకుంటూ కొన్నాళ్లు నిలదొక్కుకోవడానికి అలాంటి ఉద్యోగం ఆసరా అవుతుంది.