చవితి పుట్ట, వేసవి గుడ్లు

మార్టూరు చుట్టుపక్కల నల్లరేగడి చేలలో పత్తి తీతకు వచ్చి మిరప పూత పట్టే కార్తీకంలో, శుద్ధ చవితినాడు పుట్టకు పసుపు కుంకుమలు అద్ది, చలిమిడి, చిమ్మిలి నివేదించి, పాలు పోసి, పుట్టమన్నును చెవులకు పెట్టుకునే ఆచారం కోస్తా అంతటా ఉన్నది. అమరావతి స్తూప శిల్పాలలోనే పలు పడగల నాగులు కనిపిస్తారు కనుక నాగారాధన ఇక్కడ పాతది; సంతానం లేని దంపతులు నాగప్రతిష్ఠ చేయించడమూ, పుట్టిన బిడ్డకు నాగేశ్వరరావు, నాగమణి వంటి పేర్లు పెట్టడమూ దానిలో భాగమే.

అయితే సంతానం కోసం కొలిచే ఆ జీవి సంతానకాలం కార్తీకం కాదు. సరీసృపాల ఒంటి వేడి పరిసరాలనుబట్టి మారుతుంది కనుక ఎండ, పగటి నిడివి, వానల రాక వాటి పునరుత్పత్తిని నడిపిస్తాయి. ఆ సంకేతాలు అందగానే మెదడులోని హైపోథాలమస్ విడుదల చేసే హార్మోన్, అనగా రక్తంలో సాగి మరో అవయవాన్ని పనికి పురికొల్పే రసాయనం, పీయూష గ్రంథిని ప్రేరేపిస్తుంది. ఆ గ్రంథి స్రావాల వల్ల మగపాములో టెస్టోస్టెరాన్, ఆడపాములో ఈస్ట్రోజన్ తయారవుతాయి, ఈస్ట్రోజన్ ప్రభావంతో కాలేయం గుడ్డుసొనకు కావలసిన మాంసకృత్తును సిద్ధం చేస్తుంది. నాగుపాము సాధారణంగా ఏప్రిల్, జులై నెలల మధ్య ఎలుక బొరియలలోనో పుట్టలలోనో 12 నుంచి 30 దాకా గుడ్లు పెట్టి వాటిని కాచుకుంటుంది. రక్తపింజర మాత్రం గుడ్లను కడుపులోనే పొదిగి, ఎక్కువగా మే, జులై నెలల మధ్య పిల్లలను కంటుంది.

జెర్రిపోతు విషయంలో జనశ్రుతి మరీ దారి తప్పింది. పాట్రిక్ రస్సెల్ 1796లో వెలువరించిన కోరమాండల్ తీరపు పాముల గ్రంథంలో తెలుగు పేరుతోనే చోటు చేసుకున్న ఈ పాము నాగుపాముకు మగడని పల్లెల్లో ఇప్పటికీ అనుకుంటారు. రెండు జెర్రిపోతులు పెనవేసుకొని నిలువెత్తున లేస్తే అది జతకట్టడమని తలచి, ఆ చోట కొత్త గుడ్డ పరచి దాచుకుంటే కలిసివస్తుందని నమ్ముతారు. నిజానికి అవి రెండూ మగవే. ఆడపాముకోసం ఒకదాని తలను మరొకటి నేలకు వంచే కుస్తీ అది, కరుచుకోవడం అరుదు.

ఆచారం పుట్టను గౌరవించినా, దానికి రక్షణ ఎక్కువగా అవసరమయ్యేది చవితినాడు కాదు. వేసవి దుక్కులప్పుడు గట్లు చదును చేసే ట్రాక్టరు కిందికి పోయే పుట్టలోనే గుడ్లు ఉండవచ్చు కనుక, చవితికి పాలు పోసే రైతు ఆ నెలల్లో పుట్టను వదిలి దున్నుకోవడమే సరైన పూజ.