పొదిలి ఎండలును లారీ బ్యాటరీలును

గుంటూరునుండి గుంతకల్లునకు పోవు మీటరుగేజి రైలుమార్గము పందొమ్మిదవ శతాబ్ది చివర దొనకొండ, మార్కాపురము, కంభము మీదుగా పడినప్పుడును, మద్రాసునకు కలకత్తాకు నడుమ ప్రధానమార్గము ఒంగోలును తాకి తీరము వెంబడి సాగిపోయినప్పుడును, ఆ రెంటికిని మధ్య మెట్టభూములలో నిలిచియున్న పొదిలికి రైలు రాలేదు. ఒకప్పుడు వేంకటగిరి జమీనులో నెల్లూరు జిల్లాకు ఉత్తరపు కొసన ఉన్న ఈ తావు, 1970 ఫిబ్రవరి 2న ఏర్పడి 1972లో ప్రకాశము పంతులుగారి పేరు దాల్చిన జిల్లాలో చేరినను, ఇచటి పొగాకు, కందులు, ఆముదములు, మిరపకాయలు, ప్రత్తి బయటికి పోవలెనన్న మొదట ఎద్దుబండియు పిదప లారీయు తప్ప వేఱు దిక్కు లేకపోయెను. నడికుడినుండి శ్రీకాళహస్తికి ఇప్పుడు వేయుచున్న రైలుమార్గము ఈ కొఱతను తీర్చుననుకొన్నను, గడచిన డెబ్బది ఏండ్ల పొదిలి బ్రతుకును లారీని విడిచి చెప్పిన చెప్పినట్లు కాదు. లారీని గూర్చి చెప్పబూనినవాడు దాని చట్రము ప్రక్కన ఇనుపపెట్టెలో కూర్చుండి ఎండకు ఉడికిన బ్యాటరీని గూర్చి చెప్పక తప్పదు.

పెట్రోలు లారీల కాలమున బ్యాటరీ పాత్ర స్వల్పము. అమెరికాలో చార్లెస్ కెటరింగు కల్పించిన విద్యుత్ స్టార్టరు 1912లో కాడిలాక్ కారులందు అమరినది మొదలు ‘సెల్ఫు’ క్రమముగా మోటారుబండ్లన్నిటికిని ప్రాకినను, బండి ముందుభాగమున ఇనుప హ్యాండిలు దూర్చి బలముగా త్రిప్పిన ఇంజను లేచుచుండెను గనుక, బ్యాటరీ అడుగంటినను క్లీనరు భుజబలము మిగిలియుండెడిది. రెండవ ప్రపంచయుద్ధమున పెట్రోలు కఱవై బస్సులకును లారీలకును బొగ్గు గ్యాసు పొయ్యిలు తగిలించి నడిపిన దినములలో సైతము ఆ హ్యాండిలే ఆధారము. డీజిలు వచ్చిన పిమ్మట ఈ వెసులుబాటు పోయినది. డీజిలు ఇంజనుకు నిప్పురవ్వ పుట్టించు ప్లగ్గు లేదు. సిలిండరులోని గాలిని పదునాఱు, పదునెనిమిది వంతులు కుదించినగాని ఆ వేడికి నూనె అంటుకొనదు. ఆనాటి పెట్రోలు ఇంజనులలో ఆఱేడు వంతులతో సరిపోయెడి ఆ కుదింపును ఇంత పెద్ద ఇంజనులో ఇంత గట్టిగా చేతితో సాధించుట మల్లునికైనను దుస్సాధ్యము. 1945లో స్థాపితమైన టెల్కో సంస్థ జర్మనీలోని డైమ్లర్–బెంజ్ వారితో ఒడంబడిక చేసికొని 1954లో జంషెడ్‌పూరునుండి డీజిలు లారీలను వెలువరించుటయు, మద్రాసు చెంత ఎన్నూరులో 1948లో అశోక్ మోటార్సుగా మొదలైనది 1955లో అశోక్ లేలాండుగా మాఱుటయు జరిగిన తరువాత, కోస్తా మెట్ట సీమలలో డీజిలు లారీ నానాటికి పెరిగినది. దానితోడనే వందల ఆంపియరుల ప్రవాహమును కొన్ని క్షణములపాటు ఒక్కుమ్మడిగా ఈయగల పెద్ద బ్యాటరీ లేనిదే బండి కదలని స్థితి వచ్చినది.

ఆ బ్యాటరీలోని రసాయనము మాత్రము డీజిలు ఇంజనుకంటె పాతది. ఫ్రాన్సు దేశీయుడు గాస్టన్ ప్లాంతే 1859లో సీసపు రేకులను గంధకామ్లములో ముంచి విద్యుత్తును దాచవచ్చునని చూపెను. 1881లో కామీల్ ఫోర్ సీసపు ఆక్సైడు ముద్దను పలకలకు పట్టించు పద్ధతిని కనిపెట్టెను. జల్లెడవంటి సీసపు చట్రములో ముద్దను మెత్తి, పాజిటివు పలకకును నెగటివు పలకకును నడుమ సెపరేటరును నిలిపి, ఆసిడ్ పోసి మూసిన ఆ నిర్మాణము నేటికిని మూలమున అదియే. అయితే దీనిని పెంచి పోషించినది శీతల దేశముల అనుభవము. పాశ్చాత్యుల భయమంతయు చలిని గూర్చి: నీరు గడ్డకట్టు 0 డిగ్రీల వద్దనే బ్యాటరీ తన బలములో మూడవ వంతు పోగొట్టుకొనును, మైనస్ 18 వద్ద సగము కూడ మిగులదు, అదే సమయమున ఇంజను నూనె చిక్కబడి త్రిప్పుటకు మునుపటికంటె ఎక్కువ బలము కోరును. అందుచే వారు బ్యాటరీని కొలుచునపుడు చలిలో ఎంత ప్రవాహమిచ్చునన్నదానినే ప్రధానముగా ఎంచిరి.

పొదిలిలో కథ తలక్రిందులు. రోహిణి కార్తెలో రోళ్లు పగులునని పెద్దలు చెప్పిన మాట ఇచట ఏటేట అనుభవమునకు వచ్చునదే; 44, 45 డిగ్రీల ఎండ ఇచట వింత కాదు; ఇంజను సెగయు, కాలిన తారురోడ్డు సెగయు కలిసినచో బ్యాటరీ పెట్టెలోని వేడిమి అంతకు మించును. వేడిమిలో బ్యాటరీ బలహీనముగా కనబడదు సరికదా, చలిలోకంటె చుఱుకుగా సెల్ఫు త్రిప్పును. లోపల మాత్రము క్షయించుచుండును. ఉష్ణము 10 డిగ్రీలు హెచ్చిన కొలది రసాయనక్రియల వేగము దాదాపు రెట్టింపగుననునది స్థూలమైన సూత్రము. ఆ వేగముతోనే పాజిటివు పలక చట్రము తుప్పుపట్టి ఉబ్బి పెళుసెక్కును, ముద్ద రాలి అడుగున బురదయై చేరును, నీరు ఆవిరియై పలకల తలలు బయటపడును. పాశ్చాత్య గ్రంథములలో నాలుగైదేండ్ల ఆయువు చెప్పిన బ్యాటరీ ఇచట రెండేండ్లకే మూలబడుటకు కారణము ఇదే. చలి బ్యాటరీని నిద్రపుచ్చును. ఎండ దానిని చంపును. ఈ భేదమును అనుభవముచే గ్రహించి, దానికి తగిన ఉపాయములను చేతిపనిలో నిలిపినవారు మన మెట్టప్రాంతపు చార్జింగు షాపులవారు. వారి పేర్లు ఏ చరిత్రలోను ఎక్కలేదు. ఎక్కవలసినవని నా దృఢాభిప్రాయము.

ఎక్సైడ్ బ్యాటరీలు చేయు బ్రిటిషు సంస్థ బెంగాలులోని శ్యామనగరమున కర్మాగారమును నెలకొల్పి, 1947 జనవరి 31న అసోసియేటెడ్ బ్యాటరీ మేకర్స్ (ఈస్టర్న్) అను పేర నమోదై, 1972లో క్లోరైడ్ ఇండియాగా మాఱి, 1995లో ఎక్సైడ్ ఇండస్ట్రీస్ అయినది. ఇట్టి కర్మాగారములనుండి వచ్చిన ఆనాటి బ్యాటరీ నల్లని గట్టి రబ్బరు పెట్టె. పైన తారుపూతతో మూత. ఒక సెల్లునుండి మఱియొక సెల్లునకు బయటికి కనబడు సీసపు పట్టీలు. షాపువాడు చేయు మొదటి పని ఆసిడ్ కలుపుట. చలిదేశములలో నిండుగా చార్జి అయిన బ్యాటరీలో ఆసిడ్ సాంద్రత 1.280 వఱకు ఉంచుదురు, ఉష్ణదేశములకు 1.240 చాలును. పలుచని ఆసిడ్ వలన బలము కొంత తగ్గినను, మన వేడిమిలో ఆ తగ్గుదల బండికి తెలియదు. పలకలు, సెపరేటర్లు మాత్రము ఎక్కువ కాలము నిలుచును. నీటిలో ఆసిడ్ పోయవలెనే గాని ఆసిడ్‌లో నీరు పోయరాదనునది ఆ షాపులో చేరిన కుఱ్ఱవానికి అక్షరాభ్యాసము. ఆ నియమము తప్పినవాని చేతుల మీది మచ్చలే తరువాతివానికి పాఠము.

ఆ షాపును కొంచెము దగ్గఱగా చూడవలెను. గోడవారగా చెక్క బల్లపై పది పన్నెండు బ్యాటరీలు వరుసగా తీగలతో కలుపబడి, మూతలు తీసి, ఒక్కొక్క రంధ్రమునుండి సన్నగా బుడబుడమని చప్పుడు చేయుచుండును; గొంతు పట్టు పుల్లని వాసన; మేస్త్రీ లుంగీకి ఆసిడ్ చుక్కలు తినివేసిన చిల్లులు. అతడు రబ్బరు బుడ్డి నొక్కి గాజుగొట్టములోనికి ఆసిడ్‌ను పీల్చి, లోపల తేలు చిన్న గాజు కాడపైని గీతను కంటి ఎత్తునకు తెచ్చి చదువును. ఇచటనే అనుభవజ్ఞునకును అనాడికిని తేడా తెలియును. హైడ్రోమీటరు లెక్క 27 డిగ్రీలకు కట్టినది. ఆసిడ్ 47 డిగ్రీల వేడితో ఉన్నప్పుడు నిండు బ్యాటరీ కూడ 1.240కి బదులు 1.226 వద్ద చూపును. వేసవి మధ్యాహ్నమున ఆ అంకెను చూచి చార్జి చాలలేదనియో, ఆసిడ్ పలుచబడెననియో తలచి మఱికొంత ఆసిడ్ పోసినవాడు ఆ బ్యాటరీని తన చేతులతోనే చెఱచినవాడగును. తెలిసిన మేస్త్రీ తెల్లవాఱుజామున, రాత్రియంతయు చల్లాఱిన బ్యాటరీని కొలుచును.

ఆ రబ్బరు పెట్టెల కాలమున బ్యాటరీని పారవేయుట అరుదు. ఒక సెల్లు చచ్చినచో బ్లో లాంపుతో పైతారును కరగించి, సీసపు పట్టీని కోసి, పలకల కట్టను పైకి లాగి, ఇటుకరంగు పాజిటివు పలకలలో చిట్లినవాటిని తీసి, బూడిదరంగు నెగటివు పలకలు బాగున్నచో వానినే నిలిపి, క్రొత్త సెపరేటర్లు పెట్టి మరల కట్టెడివారు. దీనివలన ఆ పనివారికి లభించిన జ్ఞానము అమూల్యమైనది: చచ్చిన ప్రతి బ్యాటరీయు ఎందుచేత చచ్చెనో వారు కన్నులార చూచిరి. పలుచని పలకలు ముందుగా చిట్లుననియు, బిగింపు వదులైన బ్యాటరీ గతుకులదారిలో అదిరి ముద్ద రాల్చుననియు, అడుగున బురదకు చోటు తక్కువైన పెట్టెలో ఆ బురద పలకలను కలిపి షార్టు చేయుననియు వారికి ఎవరును చెప్పలేదు. ఒంగోలునుండి చీమకుర్తి మీదుగా పొదిలికి, అచటినుండి మార్కాపురమునకు పోవు త్రోవలో గ్రానైటు రాతిబరువుతోను మార్కాపురపు వ్రాతపలకల బరువుతోను ఊగిన లారీలు వారికి ఈ విద్య నేర్పినవి.

నీటి సంగతి వేఱుగా చెప్పవలసినది. ప్రకాశము జిల్లా పడమటి మండలములలో భూగర్భజలము ఫ్లోరైడుతోను లవణములతోను కూడినది. పొదిలి, కనిగిరి ప్రాంతముల ప్రజల ఎముకలను వంచిన ఆ నీటిచరిత్ర దుఃఖకరము. మనుష్యునకు సరిపడని ఆ బోరునీరు బ్యాటరీకిని సరిపడదు: ఇనుము, క్లోరైడులు కలిసిన నీరు పోసినచో బండి నిలిచియుండగనే చార్జి హరించిపోవును. బ్యాటరీలలో పోయదగిన నీటి శుద్ధతకు భారతీయ ప్రమాణములలో ఐ.ఎస్. 1069 అని ఒక ప్రత్యేక ప్రమాణమే కలదు. డిస్టిల్డు వాటరు దొఱకని పల్లెలలో మాత్రము, తొలి వాన గాలిలోని దుమ్మును కడిగిపోయిన పిదప ఆరుబయట శుభ్రమైన గాజుపాత్రలో పట్టిన వాననీటిని సీసాలలో దాచి వాడుట తెలిసినవారి పద్ధతి. వేసవిలో వారమునకొకసారి మూతలు తీసి పలకలపై నీరు ఎంత నిలిచినదో చూచుట క్లీనరు నిత్యవిధులలో ఒకటి.

చలిని గూర్చి కూడ ఈ సీమవారికి క్రమముగా తెలియవచ్చెను. మిరప కోతలు మొదలైన పుష్యమాసమున గుంటూరు యార్డులో బస్తాలెత్తికొని ఢిల్లీకి పోవు లారీ, వింధ్య దాటిన తరువాత పొగమంచు ప్రాతఃకాలములను ఎదుర్కొనును. వేసవిలో క్షీణించియు ఇంటివద్ద ఆ లోపమును బయటపెట్టని బ్యాటరీ అచట ఒక్కసారిగా మొండికేయును. అప్పుడు డ్రైవరు చలిని నిందించునుగాని, నేరము నిజమునకు గత రోహిణి కార్తెది. మంచు కురియు ఎగువ సీమలకు పోవువారికి తెలియవలసిన మఱియొక సంగతి: నిండుగా చార్జి ఉన్న ఆసిడ్ మైనస్ 40 డిగ్రీలకు సైతము గడ్డకట్టదు, చార్జి దిగిపోయినచో నీటికి దగ్గఱయై మైనస్ 10 లోపుననే గడ్డకట్టి పెట్టెను పగులగొట్టును. చలిలో బండి లేవదను భయముచేతనే డ్రైవర్లు రాత్రి మజిలీకి ఏటవాలు చోటును వెదకి, ఉదయమున బండిని పల్లమునకు వదలి గేరులో వేసి ఇంజనును లేపు ఉపాయమును నమ్మికొనిరి.

తెలుగునేలపై బ్యాటరీ చరిత్రలో 1985 ఒక మలుపు. అమెరికాలో ఇంజనీరుగా పనిచేసి స్వదేశమునకు మరలివచ్చిన గల్లా రామచంద్రనాయుడుగారు తిరుపతి చెంత కరకంబాడిలో అమరరాజా సంస్థను స్థాపించిరి. అమెరికాలోని జాన్సన్ కంట్రోల్స్ వారి సహకారముతో 2000లో అమరాన్ బ్యాటరీ విపణికి వచ్చెను. పాలిప్రొపిలీను పెట్టెలు, కాల్షియము కలిపిన సీసపు పలకలు, నీరు పోయ నక్కఱలేని లేదా అరుదుగా పోయవలసిన నిర్మాణము క్రమముగా అన్ని కంపెనీలలోను వ్యాపించినవి. పూర్వపు యాంటిమనీ పలకలు అదురుపాటును, మాటిమాటికి దిగి ఎక్కు చార్జిని ఓర్చుకొనినను నీటిని త్వరగా పోగొట్టుకొనును; కాల్షియము పలకలు నీటిని కాపాడును గాని, పూర్తిగా దిగజాఱిన పిదప తేఱుకొనుట వానికి కష్టము. ఏది మేలన్న ప్రశ్నకు బండి చేయు పనిని చూడక సమాధానము లేదు. ప్రతిదినము వందల మైళ్లు పోవు లారీకి క్రొత్తరకము మేలు. సీజనులో పొగాకు వేలముకేంద్రము వద్దనో మిరపయార్డు వద్దనో గంటల తరబడి దీపములు, పాటలు, ఫ్యానుతో నిలిచి, తక్కిన నెలలు చెట్టుక్రింద ఉండు లారీకి పాతరకపు మందపాటి పలకలే మేలు.

మందమను మాటను నేను బుద్ధిపూర్వకముగా నొక్కి చెప్పుచున్నాను. నేటి బ్యాటరీలపై పెద్ద అక్షరములతో అచ్చువేయు సి.సి.ఏ. అంకె మైనస్ 18 డిగ్రీల వద్ద బ్యాటరీ ఇచ్చు ప్రవాహమును తెలుపును. పొదిలి ఏనాడును చూడని, చూడబోని చలి అది. ఆ అంకెను పెంచుటకు సులువైన మార్గము ఒకే పెట్టెలో పలుచని పలకలను ఎక్కువగా ఇమిడ్చి ఉపరితలమును పెంచుట. పలుచని పలకను మన ఎండ ముందుగా తినివేయును. కావున ఆ అంకెను చూచి మురిసి కొన్నవాడు తనకు అక్కఱలేని బలమును కొని, తనకు కావలసిన ఆయువును విడిచినవాడగును. ఒకే ఆంపియరు–అవరు గల రెండింటిలో బరువైనదానిని ఎత్తి చూచి ఎంచుకొను పాత డ్రైవర్ల అలవాటులో శాస్త్రమున్నది: బరువనగా సీసము, సీసమనగా పలకల మందము. తయారైన నెలను చూచుటయు అంతే ముఖ్యము. ఎండ తగులు దుకాణములో ఒక వేసవి గడిపిన బ్యాటరీ అమ్ముడుపోకముందే కొంత ముసలిదగును.

పలకలు కట్టు వృత్తి మనుష్యులనుండి తీసికొన్న మూల్యమును దాచుట అన్యాయము. పాత పలకలను పెరటిలో కరగించి సీసము తీసినచోట ఆ పొగ పీల్చినవారికిని, ఆ మట్టిలో ఆడుకొన్న పసివారికిని కలిగిన హాని లెక్కకు రానిది. సీసము పిల్లల మెదడును శాశ్వతముగా దెబ్బతీయు విషము. 2001లో వచ్చిన బ్యాటరీల నిబంధనలు పాత బ్యాటరీని అమ్మకందారుకు తిరిగి ఇచ్చుటను, అది అనుమతి గల కర్మాగారమునకు చేరుటను విధించినవి; వాని స్థానమున 2022లో వచ్చిన నిబంధనలు ఆ బాధ్యతను తయారీదారులపై ఇంకను గట్టిగా మోపినవి. సీలుచేసిన పెట్టెలు వచ్చి పలకలు కట్టు పని తగ్గుట ఈ విధముగా మేలే. ఆ పనితో కూడ పుట్టిన పరిజ్ఞానము మాత్రము వ్రాతలో నిలువక పోవుచుండుట నష్టము. ఎండకు ఏ పలక ఎట్లు చిట్లునో చేతబట్టి చూచిన తరము ఇప్పుడు వార్ధక్యములో నున్నది.

వారి మాటలలో కొన్ని ఇంకను వాడుకలో ఉన్నవి. 12 వోల్టుల బ్యాటరీలు రెండు వరుసగా కలిపి 24 వోల్టులతో నడుచు పెద్ద లారీలో ఒకటి చెడినప్పుడు రెంటిని కలిపి మార్చవలెనని వారు పట్టుబట్టుదురు, ఏలనగా పాతదాని బలహీనత క్రొత్తదానిని కూడ క్రుంగదీయును. దించిన రెంటిలో బాగున్నదానిని పారవేయరు, తేలికపనికి అది ఇంకొక ఏడు చాలునని చార్జి పెట్టి, 12 వోల్టులతోనే నడుచు ఏ రైతు ట్రాక్టరుకో బిగింతురు.